నాన్న పాలసీ రెన్యువల్‌కి 52,700 అడుగుతున్నారు. కట్టాలా, ఆరోగ్యశ్రీ కార్డు మీద వదిలేయాలా?

ఒంగోలు_కెమిస్ట్రీ · ఆదివారం రాత్రి 9:42

అందరికీ నమస్తే. నాకు 41 ఏళ్లు. ఒంగోల్లో ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. చేతికి 38 వేలు వస్తాయి. నాన్నకి 68, అమ్మకి 63. 2019లో ఇద్దరికీ కలిపి ఐదు లక్షల పాలసీ తీసుకున్నాను. అప్పట్లో ప్రీమియం 24 వేల లోపే. పోయిన ఏడాది 39,800 కట్టాను. మొన్న శుక్రవారం మెసేజ్ వచ్చింది, ఈసారి 52,700 అట. ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా ఎత్తేశారు కదా, కాస్త తగ్గుతుందిలే అనుకుంటూ కూర్చున్నవాణ్ని.

పాలసీ దండగ అని అనను. రెండేళ్ల కిందట అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్‌కి అదే ఆదుకుంది. బిల్లు 2,40,000 అయితే వాళ్లిచ్చింది 1,72,350. మిగతాది ఎందుకు కోశారో ఇప్పటికీ తెలియదు. డిశ్చార్జ్ రోజు పొద్దున పదకొండింటికి డాక్టరు వెళ్లొచ్చు అన్నారు. అప్రూవల్ వచ్చేసరికి రాత్రి ఏడున్నర. అమ్మ చీర సర్దుకుని, ఒళ్లో ఫ్లాస్కు పెట్టుకుని, వీల్‌చైర్లో అంతసేపూ అలాగే కూర్చుంది.

మా బియ్యం కార్డు ఎప్పుడో పోయింది, కరెంటు 300 యూనిట్లు దాటిందని. అంటే ఆరోగ్యశ్రీ కూడా పోయినట్టే కదా? మా స్టాఫ్ రూములో ఒకాయన ప్రైవేటు పాలసీయే దిక్కంటాడు, ఇంకొకాయన గవర్నమెంటే అందరికీ చూడాలంటాడు. అసలు ఏ పద్ధతి నయం? నేను ఏం చేయాలి? రెన్యువల్‌కి ఇంకా 58 రోజులుంది.

కావలి_పాలసీ_అన్న · రాత్రి 10:05

ముందే చెప్తున్నా, నేను ఏజెంటుని. నా మాట సగం తగ్గించుకుని చదవండి.

ఒక్క ప్రశ్న సార్. అమ్మగారిని పెట్టిన గది అద్దె రోజుకి ఎంత? పాలసీలో గదికి ఎంత అని రాసుంది?

రొయ్యల_చెరువు · రాత్రి 10:11

ఏజెంటు కట్టమనక ఇంకేమంటాడు సామీ 😄

ఒంగోలు_కెమిస్ట్రీ · రాత్రి 10:20

గది ఎనిమిది వేలు. ఏసీ లేకపోతే అమ్మ ఉండలేదని తీసుకున్నాం. పాలసీలో బీమా మొత్తంలో 1 శాతం అని ఉంది. అంటే ఐదు వేలు. నాలుగు రోజులున్నాం. తేడా పన్నెండు వేలే కదా?

కావలి_పాలసీ_అన్న · రాత్రి 10:48

అక్కడే అందరూ దెబ్బతింటారు సార్. ఐదు వేల గదికి హక్కుండి ఎనిమిది వేల గదిలో దిగితే కోత గది అద్దెతో ఆగదు. సర్జన్ ఫీజు, థియేటర్, మత్తు డాక్టరు, నర్సింగ్... వీటన్నిటికీ ఎనిమిదిలో ఐదు వంతులే ఇస్తారు. మందులు, లోపల వేసిన ఇంప్లాంట్, స్కానింగులు, రక్త పరీక్షలు మాత్రం ఈ కోతలోకి రాకూడదని బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. మీ బిల్లులో అవి 90 వేలు అనుకుందాం. మిగిలిన లక్షన్నరకి ఎనిమిదిలో ఐదు వంతులు అంటే 93,750. అక్కడ 56,250 పోయింది. గ్లౌజులు, మాస్కులు, అడ్మిషన్ ఛార్జీ లాంటివి ఇంకో పదకొండు వేల చిల్లర. మీ లెక్క దాదాపు సరిపోయింది చూడండి.

ఏసీ గది విలువ రోజుకి మూడు వేలు కాదు, పద్నాలుగు వేలు పడింది మీకు.

డిశ్చార్జ్ సంగతి. 2024 మేలో వచ్చిన సర్క్యులర్ ప్రకారం ఆసుపత్రి ఫైనల్ బిల్లు పంపిన మూడు గంటల్లో అప్రూవల్ ఇవ్వాలి. ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే అది కంపెనీ తన వాటాదారుల సొమ్ములోంచి భరించాలి. అడిగేవాడు ఉండాలంతే.

పాలసీ మాత్రం వదలొద్దు. 2019 నుంచి ఆపకుండా కడుతున్నారు, ఐదేళ్ల మారటోరియం దాటేశారు. ఇక మోసం రుజువైతే తప్ప ‘ఫలానా జబ్బు అప్పుడు చెప్పలేదు’ అని క్లెయిమ్ తోసిపుచ్చలేరు. ఇది వదిలేసి రేపు 68 ఏళ్ల మనిషికి కొత్తగా తీసుకుంటే పాత జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. కంపెనీ నచ్చకపోతే పోర్ట్ చేయండి, అంటే పాలసీని ఇంకో కంపెనీకి మార్చుకోండి, ఇన్నేళ్లూ ఆగిన వెయిటింగ్ లెక్క మీతోనే వస్తుంది. రెన్యువల్‌కి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. 58 రోజులున్నాయన్నారు కాబట్టి ఈ వారమే కదలండి.

ఇంకొకటి. 60 దాటినవాళ్లకి ఏడాదికి 10 శాతం మించి ప్రీమియం పెంచాలంటే ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. మీకు 32 శాతం పెరిగింది. వయసు స్లాబ్ మారిందంటారో, క్లెయిమ్ వల్ల డిస్కౌంట్ పోయిందంటారో, కారణం ఈమెయిల్లో అడగండి. ఫోన్లో అడిగితే గాలికి పోతుంది.

మాజీ_మిత్ర · సోమవారం ఉదయం 6:30

నేను ఆరేళ్లు ఆసుపత్రి కౌంటర్లో ఆరోగ్యశ్రీ పేషెంట్లకి సాయం చేసే ఆరోగ్యమిత్రగా చేశాను. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని వైద్యమిత్ర అంటున్నారు.

ఒంగోలు సార్, మీరు పెద్ద పొరపాటులో ఉన్నారు. బియ్యం కార్డు వేరు, ఆరోగ్యశ్రీ వేరు. 2019-20లోనే రెండిటినీ విడదీశారు. బియ్యం కార్డుకి 300 యూనిట్ల రూలు ఉంది కానీ ఆరోగ్యశ్రీకి పెట్టిన లెక్క ఏడాది ఆదాయం 5 లక్షల లోపు. మాగాణి 12 ఎకరాల లోపు ఉన్నా, ఇంట్లో ఒక కారు ఉన్నా ఫర్వాలేదు. మీ జీతం 38 ఇంటూ 12 వేస్తే 4,56,000. ఇన్నాళ్లూ మీరు వార్డు సచివాలయానికి వెళ్లి అడగలేదు, అంతే. ఇలాంటివాళ్లు నా కౌంటర్ ముందు నెలకి పది మంది వచ్చేవాళ్లు. పుస్తెలు తాకట్టు పెట్టి అడ్వాన్స్ కట్టేశాక తెలిసేది. ఒకసారి క్యాష్ పేషెంటుగా చేరాక వెనక్కి మార్చడం మహా కష్టం.

2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలకి పెంచారు. జాబితాలో 3,257 చికిత్సలున్నాయి. 2019 నవంబరు నుంచి చెన్నై, హైదరాబాద్, బెంగళూరు ఆసుపత్రుల్లో కూడా కొన్నిటికి వర్తిస్తుంది. నెల్లూరు వాళ్లకి చెన్నై అంటే పక్క వీధి కాబట్టి చెప్తున్నా. డిశ్చార్జ్ అయ్యాక పది రోజుల మందులు, ఇంటికి వెళ్లే బస్సు ఛార్జీ ప్యాకేజీలోనే ఉంటాయి. చాలామంది అడగరు, అవి వాళ్లకి అందవు.

లేనిది కూడా చెప్తాను. జాబితాలో లేని జబ్బుకి కార్డు చూపించి లాభం లేదు. ఇష్టమైన గది ఉండదు. బిల్లులు పేరుకుపోయినప్పుడు కొన్ని చోట్ల ‘బెడ్ ఖాళీ లేదు’ అనే మాట మొదలవుతుంది. డబ్బు కడతామంటే ఖాళీ అవుతుంది. 2025 అక్టోబరులో స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం బకాయిల కోసం సేవలే ఆపేసింది. ఆ రోజుల్లో పేషెంట్ల వెంట వచ్చినవాళ్ల మొహాలు ఎలా ఉంటాయో నాకు చెప్పక్కర్లేదు, అంతకుముందు కూడా చూశాను.

ఒంగోలు_కెమిస్ట్రీ · ఉదయం 7:15

మేడమ్, నిజంగా తెలియదు. ఈ మధ్యాహ్నమే వెళ్తాను.

కందుకూరు_మాస్టారు · ఉదయం 10:02

రిటైర్డ్ తెలుగు పండితుణ్ని. బీమా విషయంలో మాత్రం అనుభవజ్ఞుణ్ని.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. మొదట్లో అది ప్రైవేటు బీమా కంపెనీ ద్వారానే నడిచింది. ప్రభుత్వం కుటుంబానికి ఇంత అని ప్రీమియం కట్టేది, క్లెయిములు కంపెనీ తీర్చేది. తర్వాత కంపెనీని పక్కనపెట్టి ప్రభుత్వం పెట్టిన ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా ఆసుపత్రులకి చెల్లించడం మొదలుపెట్టింది. ఇప్పుడు మళ్లీ చక్రం సగం తిరిగింది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించిన సార్వత్రిక ఆరోగ్య విధానంలో కోటీ 63 లక్షల కుటుంబాలకి, పేద ధనిక తేడా లేకుండా, రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ. అక్కడి నుంచి 25 లక్షల వరకు పేద కుటుంబాలకి ట్రస్టు. కాబట్టి అబ్బాయీ, ప్రభుత్వమా ప్రైవేటా అని నువ్వు అడిగే లోపే ప్రభుత్వం రెండిటినీ కలిపేయాలని నిర్ణయించింది.

తేడా ఎక్కడొస్తుందంటే, నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్న దగ్గర. కంపెనీకి ప్రీమియం కట్టేస్తే క్లెయిము తగ్గినకొద్దీ కంపెనీకి మిగులు. అంచేత కొర్రీలు వేస్తుంది. ట్రస్టుకి ఆ యావ ఉండదు. కానీ ఖజానా ఖాళీ అయితే బిల్లు అటకెక్కుతుంది. రెండు చోట్లా ఆగేది మన పేషెంటే.

మా ఉద్యోగుల హెల్త్ కార్డు కథ ఇంకో రకం. 2013లో వచ్చింది. నెలనెలా పెన్షన్‌లో కోత పడుతూనే ఉంటుంది. మా ఆవిడ కంటి ఆపరేషన్‌కి ఒక ఆసుపత్రికి వెళ్తే ‘ఈ రేట్లకి మాకు గిట్టదు మాస్టారూ, డబ్బు కట్టి రీయింబర్స్‌మెంట్ పెట్టుకోండి’ అన్నారు. పెట్టాను. పద్నాలుగు నెలలు. మధ్యలో డిశ్చార్జ్ సమ్మరీ మీద డాక్టరు సంతకం ఉంది కానీ స్టాంపు లేదని ఒకసారి వెనక్కొచ్చింది. ఆ కాగితాన్ని నేను 37 ఏళ్లు దిద్దిన కాంపోజిషన్ పుస్తకాలన్నిటికంటే ఎక్కువసార్లు చదివాను.

రొయ్యల_చెరువు · ఉదయం 10:40

మాస్టారూ, అందుకే మావోళ్లు ఎవర్నీ నమ్మరు. మా పెదనాన్నకి బైపాస్ అంటే రాత్రికి రాత్రి కారేసుకుని చెన్నై. పంట వచ్చిన డబ్బు బ్యాంకులో ఉంది, కట్టాం. 4,80,000. ఫైలూ లేదు, స్టాంపూ లేదు.

కందుకూరు_మాస్టారు · ఉదయం 10:52

పంట పోయిన ఏడాది గుండె నొప్పి వచ్చుంటే?

రొయ్యల_చెరువు · ఉదయం 11:30

...చెరువులో రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు వచ్చిన ఏడాది ఆ నొప్పి నాకే వచ్చింది మాస్టారూ, గ్యాస్ నొప్పి అనుకుని ఊరుకున్నా. అదృష్టం బాగుండి గ్యాసే.

సరే, ఒప్పుకుంటా. కానీ నాదొకటి. కార్డు పేరుతో ప్రైవేటు ఆసుపత్రులకి పోసే డబ్బు పెద్దాసుపత్రులకి పెడితే ఈ కార్డులతో పనేముంది? నెల్లూరు దర్గామిట్టలో అంత పెద్ద జనరల్ ఆసుపత్రి, పక్కనే మెడికల్ కాలేజీ. మా చెల్లెలి కాన్పు అక్కడే అయింది, రూపాయి పడలేదు, బాగా చూశారు. మొగుడు మాత్రం మూడు రోజులు వరండాలో చాప మీద పడుకున్నాడు.

మాజీ_మిత్ర · మధ్యాహ్నం 12:15

ఆరోగ్యశ్రీ ప్యాకేజీ డబ్బు ప్రభుత్వాసుపత్రులకి కూడా వస్తుందండి, అక్కడ ఆపరేషన్ చేస్తే. కార్డు ఉంటే ప్రైవేటుకే పోవాలని లేదు. జనం పోతారు, అది వేరే సంగతి.

అడ్మిన్ · మధ్యాహ్నం 12:31

రెండు పోస్టులు తొలగించాను. పథకానికి ఎవరు ఏ పేరు పెట్టారు, ఎవరు మార్చారు అన్న గొడవ ఇక్కడ వద్దు. పేరు ఎన్నిసార్లు మారినా జనం నోట్లో ఆరోగ్యశ్రీయే ఉంది. ఈ థ్రెడ్లో కూడా అలాగే రాసుకోండి, ఎవరి పార్టీకీ అంటగట్టకండి.

చీమకుర్తి_క్రేన్ · మధ్యాహ్నం 2:10

ఎవరూ ఈఎస్ఐ గురించి, అదే మాలాంటి ఫ్యాక్టరీ కార్మికులకి ఉండే ప్రభుత్వ బీమా గురించి మాట్లాడరేంది? నేను గ్రానైట్ ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటర్ని. జీతం 20,500. నా జీతంలో 0.75 శాతం అంటే నెలకి 154 రూపాయలు కోస్తారు. ఓనర్ 3.25 శాతం, 666 చిల్లర కడతాడు. దానికి నేను, నా భార్య, పిల్లలు, నా మీద ఆధారపడ్డ అమ్మానాన్న అందరికీ వైద్యం. వెయిటింగ్ పీరియడ్ ఏళ్ల తరబడి లేదు, వయసు పెరిగిందని ప్రీమియం పెరగదు. మాత్రలు కూడా డిస్పెన్సరీలో ఇస్తారు. పోయిన ఏడాది చెయ్యి విరిగి పనికి పోలేనప్పుడు జీతంలో 70 శాతం బ్యాంకులో పడింది. సిక్‌నెస్ బెనిఫిట్ ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. మీ పాలసీల్లో ఎవరిదైనా ఇస్తుందా అన్నా?

లోపాలు లేవని కాదు. డిస్పెన్సరీకి పోతే పూట పని పోద్ది. ఒక్కోసారి అన్ని మాత్రలూ ఉండవు. రిఫరల్ కాగితానికి రెండుసార్లు తిరగాలి.

అసలు తిరకాసు 21 వేలు. 2017 నుంచి అదే సీలింగ్. మా ఓనర్ దసరాకి పదిహేను వందలు పెంచుతానన్నాడు. 22 వేలు అవుద్ది. వచ్చే పీరియడ్ నుంచి ఈఎస్ఐ పోద్ది. మా నాయనకి షుగరు, ఆస్తమా. ఏజెంటు అన్నని అడిగితే ఆయనకొక్కడికే ముప్పై వేలు అన్నాడు. ఏడాదికి పద్దెనిమిది వేలు పెరిగితే ముప్పై వేలు కట్టాలి. వద్దని చెప్పా. జీతం పెంచొద్దని దణ్ణం పెట్టినోణ్ని నేనొక్కణ్నే అనుకున్నా, మా ఫ్యాక్టరీలో ఇంకా నలుగురున్నారు.

కావలి_పాలసీ_అన్న · మధ్యాహ్నం 2:26

తమ్ముడు చెప్పింది నిజం. ఏజెంటుగా నాకు నష్టమైనా చెప్తున్నా, 154 రూపాయలకి అంత ఏ కంపెనీ ఇవ్వదు. నీ జీతం 5 లక్షల లోపే కాబట్టి ఈఎస్ఐ పోయాక ఆరోగ్యశ్రీ ఉంటుంది, భయపడకు. మాత్రలు మాత్రం అందులో రావు.

మ్యూనిక్‌లో_కావలోణ్ని · సాయంత్రం 6:50

ఈఎస్ఐ అన్న చెప్పింది చదువుతుంటే ఇక్కడి పద్ధతే గుర్తొచ్చింది. జర్మనీలో 1883లో బిస్మార్క్ కాలంలో మొదలైంది ఇదే, జీతంలోంచి కొంత మనిషి, కొంత యజమాని. ఇప్పుడు ఇద్దరిదీ సగం సగంగా 14.6 శాతం, దాని మీద ఒక్కో బీమా ఫండ్ తనదంటూ కొంత అదనంగా వేసుకుంటుంది. నాకు నెలకి పడే కోత చూసి మా నాన్న ‘అంత డబ్బా? జబ్బే లేదు కదరా నీకు’ అన్నాడు. పాయింట్ అదే నాన్నా అన్నాను. సంపాదన లేని భార్య, పిల్లలు అదనపు డబ్బు లేకుండా అందులోనే ఉంటారు. సీలింగ్ మాత్రం చీమకుర్తి అన్నకి తిరగబడినట్టు ఉంటుంది. ఇక్కడ ఒక స్థాయి దాటి సంపాదిస్తే ఎవరూ బయటికి తొయ్యరు, ఇష్టమైతే ప్రైవేటుకి పోవచ్చు, లేకపోతే ఉండిపోవచ్చు. పదిలో తొమ్మిది మంది ప్రభుత్వ పద్ధతిలోనే ఉంటారు. ఫండ్లు మాత్రం చాలా ఉన్నాయి, నచ్చనిది వదిలి ఇంకోదానికి మారొచ్చు.

ఆసుపత్రిలో పడుకుంటే రోజుకి 10 యూరోలు మనం కట్టాలి, ఏడాదికి 28 రోజులకి మించి తీసుకోరు. మందుకి 5 నుంచి 10 యూరోలు. అంతే.

ఇదంతా స్వర్గం అనుకోకండి. చర్మం డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, మీది ప్రైవేటా, ప్రభుత్వ బీమానా? నాకు పదకొండు వారాల తర్వాత ఇచ్చారు. ప్రైవేటు ఉన్న నా కొలీగ్‌కి తర్వాతి వారమే దొరికింది. మన దగ్గర ‘బెడ్ లేదు’ అంటారు, ఇక్కడ క్యాలెండర్ చూపిస్తారు.

లీడ్స్_నెల్లూరమ్మాయి · సాయంత్రం 7:30

మా ఇంగ్లండ్‌ది ప్రధానంగా పన్ను పద్ధతి. 1948 జూలై 5 నుంచి నడుస్తున్న ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్. బిల్లు అనే కాగితాన్ని ఇక్కడి ఆసుపత్రిలో నేను చూడలేదు. మా బాబు పుట్టినప్పుడు నేను అలవాటుగా ‘ఎంతైంది’ అని అడిగితే మిడ్‌వైఫ్ కార్ పార్కింగ్ గురించి అనుకుంది. కానీ ఇంగ్లండ్‌లో వెయిటింగ్ లిస్టులో 70 లక్షలకి పైగా చికిత్సలు ఆగి ఉన్నాయి. మోకాలి ఆపరేషన్ కోసం మా పక్కింటావిడ ఏడాది దాటి కుంటుతోంది. ఓపిక లేనివాళ్లు ప్రైవేటుకి డబ్బు కట్టి చేయించుకుంటారు.

వీసా మీద వచ్చినవాళ్లం పన్నుతో పాటు ఏడాదికి పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి 1,035 పౌండ్ల సర్‌ఛార్జ్ ముందే కట్టాలి. ఉచితం అనేవాళ్లకి అది చెప్తుంటాను.

పామూరు_బస్సు · రాత్రి 8:44

ఉద్దానం కిడ్నీల గురించి రాష్ట్రమంతా తెలుసు. మా కనిగిరి, పామూరు వైపు సంగతి ఎంతమందికి తెలుసు? మా అన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆరోగ్యశ్రీలో ఉచితం. నెలకి పది వేలు పెన్షన్ వస్తుంది. ఈ రెండూ లేకపోతే మనిషి ఉండేవాడు కాదు, ఏ ప్రైవేటు పాలసీ కూడా ఇప్పుడు మా అన్నని చేర్చుకోదు. ఇది ముందు రాస్తున్నా, తిట్టడానికి రాలేదని.

అయితే మెషీన్ మీద నాలుగు గంటలు ఉచితం. పోను రాను ఆటో, తోడు వెళ్లే మా వదిన కూలి, మధ్యలో టిఫిను, బయట రాసే ఇంజక్షన్లు ఎవరి లెక్కలోకీ రావు. వదిన గొర్రెల్ని అమ్ముతోంది, మూడు నెలలకొకటి.

పొగతోట_మెడికల్స్ · రాత్రి 10:15

నెల్లూరు పొగతోటలో మందుల షాపు నాది. వీధి నిండా డాక్టర్లే. రెండు రోజులుగా చదువుతున్నా, ఇప్పటికి ఈ పామూరు చెల్లెమ్మ దారిలోకి వచ్చింది.

అందరూ ఆపరేషన్ గురించి మాట్లాడుతున్నారు. ఆపరేషన్ జీవితంలో ఒకసారో, రెండుసార్లో. నా కౌంటర్ దగ్గరికి జనం నెలనెలా వస్తారు. బీపీ, షుగరు, థైరాయిడ్, గుండె మాత్రలు. ప్రైవేటు పాలసీ మామూలుగా అడ్మిట్ అయితేనే ఇస్తుంది. ఆరోగ్యశ్రీ జాబితాలో ఉన్న చికిత్సకే ఇస్తుంది. ఓపీ డాక్టరు ఫీజు, పరీక్షలు, నెల మందులు ఎవరిస్తారు? ఈఎస్ఐ తమ్ముడికి తప్ప ఇక్కడ ఒక్కరికీ లేదు చూడండి.

పదో తారీకు దాటాక నా షాపులో కత్తెర ఎక్కువ పనిచేస్తుంది. పది మాత్రల స్ట్రిప్ తీస్తే ‘ఐదు చాలు అబ్బయా’ అంటారు. కోస్తాను. ఎక్స్‌పైరీ తేదీ ఒక ముక్కలోకి పోతుంది, ధర ఇంకో ముక్కలోకి. షుగరు మాత్ర రెండు పూటలా రాస్తే ఒక పూటే వేసుకుంటారు, నెల సరిపెట్టాలి కదా. అలా రెండేళ్లు వేసుకున్న ముసలాయన కాలి పుండుతో చేరాడు. అప్పుడు కార్డు పనిచేసింది. వేలు తీసేశారు. ఉచితంగా.

కందుకూరు_మాస్టారు · రాత్రి 10:41

లెక్కల్లో మాత్రం తగ్గిందయ్యా. దేశంలో వైద్యం మీద అయ్యే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం. 2021-22కి 39.4 అయింది. కేంద్రం వేసిన జాతీయ ఆరోగ్య ఖాతాలే.

పొగతోట_మెడికల్స్ · రాత్రి 10:50

ఆ మిగిలిన 39 నా అరువు పుస్తకంలో ఉంది మాస్టారూ. కావాలంటే వచ్చి చూసుకోండి, టీ ఇప్పిస్తా.

ఒంగోలు_కెమిస్ట్రీ · మంగళవారం ఉదయం 5:55

రాత్రి నిద్రపట్టక కూర్చుని లెక్క వేశాను. నాన్న మందులు (2022లో స్టెంట్ వేశారు, షుగరు ఉంది) నెలకి 3,850. అమ్మవి 1,100. ఏడాదికి 59,400. మూడు నెలలకోసారి ఇద్దరి పరీక్షలు 1,800 చొప్పున 7,200. మొత్తం 66,600. డాక్టరు ఫీజులు వేయలేదు.

52,700 చూసి గుండె ఆగినంత పనైంది నాకు. 66,600 ఏళ్లుగా పోతుంటే ఒక్కరోజు కూడా లెక్క వేయలేదు, విడివిడిగా పోయింది కాబట్టి.

మాజీ_మిత్ర · ఉదయం 7:20

బీపీ, షుగరు మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు సార్. నాన్నగారిని పంపండి.

ఒంగోలు_కెమిస్ట్రీ · ఉదయం 7:41

ఒకసారి తెచ్చాను మేడమ్. మాత్ర రంగు వేరుగా ఉందని నాన్న వేసుకోలేదు. డబ్బాలో అలాగే ఉన్నాయి.

పొగతోట_మెడికల్స్ · ఉదయం 8:05

జనఔషధి షాపులో కనుక్కోండి సార్. కొలెస్ట్రాల్ మాత్ర, షుగరు మాత్ర అదే మందు, బ్రాండు పేరు ఉండదంతే. ధర సగానికన్నా చాలా తగ్గుతుంది. నా కొట్టుకి నష్టమే, కానీ మీరు ఒంగోల్లో ఉన్నారు కాబట్టి ధైర్యంగా చెప్తున్నా 😀 స్టెంట్ ఉన్నవాళ్లు రక్తం పలచబడే మాత్ర విషయంలో మాత్రం గుండె డాక్టర్ని అడగకుండా ఏమీ మార్చొద్దు. ఒక్క రోజు కూడా ఆపొద్దు.

రొయ్యల_చెరువు · ఉదయం 8:30

ఏజెంటు పాలసీ వద్దంటాడు, మందుల షాపాయన నా దగ్గర కొనొద్దంటాడు. ఈ థ్రెడ్‌కి దిష్టి తీయండి.

కావలి_పాలసీ_అన్న · ఉదయం 8:34

నేనెక్కడ వద్దన్నా సామీ! వదలొద్దనే కదా మొదటి పోస్టు.

ఇంకో దారి రాస్తా ఒంగోలు సార్. ఉన్న పాలసీలోనే 20 శాతం కోపే ఒప్పుకుంటే ప్రీమియం తగ్గిస్తారేమో అడగండి. ప్రతి బిల్లులో ఐదో వంతు మీరు పెట్టుకోవాలి. లక్ష బిల్లుకి ఇరవై వేలు. పెద్ద ఆపరేషన్ వస్తే కార్డు ఉంటుంది కాబట్టి మీకు తట్టుకునే వీలుంది. కార్డు లేనివాళ్లకి నేను ఇది చెప్పను. రెండేళ్లు పోతే నాన్నగారికి 70, అప్పుడు ఆదాయంతో పని లేకుండా కేంద్రం ఇచ్చే 5 లక్షల కార్డుకి అర్హత వస్తుంది. ప్రైవేటు పాలసీ ఉన్నా అది తీసుకోవచ్చు.

ఒంగోలు_కెమిస్ట్రీ · తర్వాతి ఆదివారం రాత్రి 8:10

వారం రోజుల కబురు. సచివాలయంలో ఆధార్‌లు, జీతం స్లిప్పు తీసుకున్నారు. నా పేరు మీద పాత కార్డు నంబరు ఇంకా బతికే ఉందట. నాన్నా అమ్మా అందులోనే ఉన్నారు. అమ్మ తుంటి ఆపరేషన్ నాటికి కూడా ఉన్నట్టే. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు.

కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. నాన్న వయసు స్లాబ్ మారిందని ఒకటి, క్లెయిమ్ లేనందుకు ఇచ్చే డిస్కౌంట్ పోయిందని ఇంకొకటి. స్లాబ్ మార్పు ఏ పట్టిక ప్రకారమో చూపించమని మళ్లీ రాశాను. దానికి ఇంకా జవాబు లేదు. 20 శాతం కోపేతో 43,900 అంటున్నారు. అది కట్టేద్దామనుకుంటున్నాను. ఈసారి అడ్మిట్ అయితే ఐదు వేల గదిలోనే.

గుండె డాక్టర్ని అడిగాను. రెండు మాత్రలు మార్చుకోవచ్చన్నారు, ఒకటి ఉన్నదే వాడమన్నారు. జనఔషధిలో తెచ్చాను. నాన్న స్ట్రిప్ వెనక్కి తిప్పి కళ్లజోడు పెట్టుకుని చదువుతున్నాడు, అరగంట నుంచి.

పొగతోట_మెడికల్స్ · రాత్రి 8:22

చదవనివ్వండి. వేసుకునేటప్పుడు తేదీ లేని వైపు నుంచి తీసుకోమనండి. తేదీ ఆఖరి మాత్ర దాకా ఉంటుంది.